ఒకసారి తీసిన పెట్టె

ఫిబ్రవరి 1, శనివారం

అద్దాల కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన ఈ డైరీ నా కళ్ళజోళ్ళ షాపు సొరుగులో ఊరికే పడి ఉంది. ఎవరితోనూ అనలేని మాట ఒకటి తయారైంది కాబట్టి ఇవ్వాళ దీనికి పని పడింది.

మా శనివారం ఆటలో అక్క మేకులు విడదీయలేకపోయింది.

మెలి తిప్పిన రెండు మేకులు, ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉంటాయి. సరైన వాటం దొరికితే ఊడి వస్తాయి. కథలో అవి కోట తలుపుకున్న గొలుసు. అక్క దొంగ. తాళమైనా, గొలుసైనా, పెట్టైనా దొంగే తెరవాలి. సిపాయీ మంత్రగాడూ తలుపు బయట నిలబడి ఉన్నారు, అంటే డ్రైవింగ్ టీచరూ మందుల షాపాయనా. కథ చెప్పేది, ఆట నడిపేది నేను. మిగతా పనులన్నిటికీ పాచికలు వేస్తాం, పడిన అంకెను బట్టి పని అవుతుంది, లేదా చెడుతుంది. చేత్తో విప్పే పజిల్‌కి మాత్రం మా బల్ల దగ్గర పాచిక లేదు. చేతికి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఇది అక్క పెట్టిన రూలు. ఒకసారి బల్ల మీద పెట్టిన పజిల్ మళ్ళీ పెట్టకూడదన్నదీ అక్క రూలే. "ఒకసారి పీకిన పన్ను మళ్ళీ పీకుతామా?" అంటుంది. పళ్ళ డాక్టరు కదా, ఏ సంగతైనా తిప్పి తిప్పి పళ్ళ దగ్గరికే తెస్తుంది.

మేకుల్ని తిప్పింది, తిప్పింది, ఒకే వైపు తిప్పింది. చివరికి తలెత్తి, "వీటిని విడదీయాలా, కలపాలా?" అని అడిగింది. ఎవరూ నవ్వలేదు. ముందు తనే నవ్వింది, అప్పుడు మేం నవ్వాం. గొలుసు తుప్పు పట్టి దానంతటదే తెగిపోయిందని కథలో చెప్పేసి ముందుకు లాగించాను.

మేకులు బాగాలేవు. నాసిరకం. అక్క బాగానే ఉంది.

ఫిబ్రవరి 3, సోమవారం

బావ షాపుకొచ్చాడు, కళ్ళజోడు స్క్రూ వదులైందని. స్క్రూ శుభ్రంగా ఉంది. అయినా ఊడదీసి బిగించాను, ఆయన మాట్లాడడానికి టైం కావాలి కదా.

"శనివారం ఏమైంది? రెండు రోజుల నుంచీ ముభావంగా ఉంది."

"ఏం కాలేదు బావా. మేకులు మంచివి కావు."

బావ కాసేపు అద్దాలు తుడుచుకున్నాడు. "ఆట మాత్రం ఆపకురా. మిగతా వారమంతా దాన్ని రోగిలాగే చూస్తాం. మందు వేసుకున్నావా, పొయ్యి ఆపావా, ఇదే గోల. అక్కడొక్కచోటే దానికో ఉద్యోగం ఉంది."

ఆ మాట నిజమే. అక్కకి మతిమరుపు జబ్బని డాక్టర్లు చెప్పడానికి ముందే అక్కే తేల్చుకుంది. ఒకరోజు పేషెంటుకి ఎడమవైపు ఇవ్వాల్సిన మత్తు కుడివైపు ఇచ్చింది. పన్ను ఇంకా ముట్టుకోలేదు. జరిగింది పేషెంటుకి అక్కడే చెప్పి, క్షమించమని అడిగి, ఆ సాయంత్రమే క్లినిక్ బోర్డు దింపించేసింది. రాని పనిని వచ్చినట్టు నటించే రకం కాదు. తాళాలు తీయడం రావట్లేదని తనకి తోచిందంటే దొంగ బోర్డు కూడా అలాగే దింపేస్తుంది. అప్పుడింక దానికి శనివారాలు కూడా ఉండవు.

కాబట్టి మంచి పజిల్స్ వెతకాలి. తేలికవి కాదు, మంచివి.

ఫిబ్రవరి 5, బుధవారం

బొమ్మల షాపుకెళ్ళాను. చేత్తో తిప్పే, లాగే, విప్పే పజిల్స్ ఉన్నాయా అంటే, "ఎంత వయసు పిల్లలకి సార్?" అన్నాడు.

"యాభై ఆరు."

వాడు నవ్వలేదు. పై అరలోంచి చెక్క చేప తీసి చూపించాడు. మూడు ముక్కలు. దాన్ని చూస్తే కోపం వచ్చింది, వాడి మీద కాదు.

నాకు కావాల్సింది ఏమిటో నాకు తెలుసు. చేతిలో బరువుగా ఉండాలి. చూడగానే కథలోంచి ఊడిపడినట్టుండాలి. ఒకరు విప్పుతుంటే మిగతావాళ్ళు ఊపిరి బిగబట్టి చూసేలా ఉండాలి, ఆవులించేలా ఉండకూడదు. ముందు చేసింది గుర్తుపెట్టుకుంటే తప్ప తర్వాతది చెయ్యలేనివి వద్దు. ఈ ఆఖరిది కొత్త షరతు. పోయినేడు ఈ షరతు లేదు.

ఫిబ్రవరి 8, శనివారం

పొడుగాటి గాజు గొట్టం, మధ్యలో చిన్న ఒంపు, దాని అడుగున బిరడాకి గుచ్చిన తాళంచెవి. గొట్టంలో చెయ్యి పట్టదు. నీళ్ళు పోస్తే బిరడా తేలి పైకొస్తుంది. బల్ల మీద నీళ్ళ చెంబు అప్పటికే ఉంది, అదేదో తాగడానికి పెట్టినట్టు.

అక్క గొట్టాన్ని బోర్లించింది. తాళంచెవి ఒంపు దగ్గర ఇరుక్కుంది. ఊపింది. డ్రైవింగ్ టీచరు, "దాహమేస్తోందండీ డాక్టరుగారూ" అని రెండుసార్లు అంది. రెండోసారికి అక్క చెంబు వైపు చూసింది, గొట్టం వైపు చూసింది, మొహం చేటంత అయింది.

దాహం మాట నేను అనమనలేదు. కానీ కృతజ్ఞతగా ఉంది.

అక్క బాగానే ఉంది.

ఫిబ్రవరి 15, శనివారం

ఈసారి నా సొంత తయారీ. ఎర్రగీతల గజిబిజిలో నీలి అక్షరాలు కలిపి రాశాను, మామూలుగా చూస్తే ఏమీ కనబడదు. షాపులో మిగిలిన ఎర్రటి అద్దం పెట్టి చూస్తే గీతలు మాయమై మాట బయటపడుతుంది. ఆ మాటలోని అక్షరాల్ని తాళం చక్రాల మీద తిప్పాలి. తాళం సైకిల్ షాపులో దొరికింది. చాలా ముచ్చటపడి చేశాను.

అక్క అద్దం పెట్టి చదివింది. అద్దం కింద పెట్టి తాళం తీసుకుంది. "ఏం మాట?" అంది. మళ్ళీ అద్దం పెట్టి చదివింది. తాళం తీసుకుంది.

మందుల షాపాయన కాగితం మీద రాయబోయాడు. అక్క ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. "నా తాళం" అంది.

కాసేపటికి లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. "నా దొంగకి వయసు మీదపడిందిరా. ఇంక రిటైరైపోతుందేమో" అని నవ్వింది. మేం ఆడేది అక్కవాళ్ళ ఇంటికే ఆనుకుని ఉన్న, మూతపడిన క్లినిక్‌లోనే, పేషెంట్లు కూర్చునే గదిలో. బల్ల మీద అక్క ఒకప్పుడు పేషెంట్లకి చూపించిన ప్లాస్టిక్ దవడ ఉంటుంది, దాన్నే మేం గుహ అంటాం. ఆటలో తన పాత్రకి పెట్టుకున్న దొంగ బొమ్మని తీసుకెళ్ళి ఆ గుహలో పడుకోబెట్టింది. ఆట అయిపోయాక కూడా బయటికి తీయలేదు.

నాకు భయమేసింది.

ఫిబ్రవరి 19, బుధవారం

దొరికింది.

పాత ఫర్నిచర్ అమ్మేవాడి దగ్గర, కాలు విరిగిన కుర్చీ కింద. అరచేతికి కొంచెం పెద్దగా ఉండే నల్లచెక్క పెట్టె. తాళం లేదు, కీలు లేదు, మూత ఎక్కడో తెలీదు. పక్కపలక కొద్దిగా జరుగుతుంది. అది జరిగితేనే అడుగుపలక వెనక్కి వెళుతుంది. అప్పుడు పెట్టెని ఒక పక్కకి వంచితే లోపలెక్కడో చిన్న మేకు టక్కుమని పడుతుంది. అప్పుడు మూత జారుతుంది. నాకే తల ప్రాణం తోకకొచ్చింది. షాపులో కస్టమర్ని నిలబెట్టి మరీ తీశాను.

గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు. ఇప్పుడు ఏది కదులుతోందో అది కదపడమే. అక్క వేళ్ళకి సరిపోతుంది.

ఫిబ్రవరి 22, శనివారం

తీసింది!

ఆట మొత్తం దానికే పోయింది. సిపాయీ మంత్రగాడూ గుహ బయట కూర్చుని వాళ్ళ చిన్నప్పటి కబుర్లు చెప్పుకున్నారు. అక్క మాత్రం పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వేలితో తడుముతూ కూర్చుంది. పన్ను లోపల పుచ్చు ఎంత దూరం పోయిందో చూసేటప్పుడు అలాగే ఉండేది దాని మొహం. టక్కుమనగానే కళ్ళు తెరిచింది. మూత జారింది. వీధి చివరి దాకా వినిపించేలా అరిచింది. బావ చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఎవర్రా దొంగకి వయసైపోయిందన్నది?" అంది.

"నువ్వే అన్నావు" అన్నాను.

"నేననను."

దొంగ బొమ్మని గుహలోంచి తీసి బల్ల మధ్యలో నిలబెట్టింది. ఇంత సంతోషంగా ఇంటికొచ్చి చాలా కాలమైంది.

మార్చి 1, శనివారం

వారమంతా షాపులో ఊపిరాడలేదు. ఏదో స్కూలు పిల్లలందరికీ ఒకేసారి కళ్ళు పరీక్ష చేయించారు, అద్దాలన్నీ నేనే కోయాలి. పజిల్ వెతకలేదు. ఇవ్వాళ ఉత్త పాచికలతోనే నడిపేద్దామనుకున్నాను. పెట్టె నా సంచిలో ఉంది, అక్కకి ఇచ్చేద్దాం, గుర్తుగా ఉంచుకుంటుందని తీసుకెళ్ళాను. నిజంగా అందుకే తీసుకెళ్ళాను.

సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టగానే అక్క చటుక్కున అందుకుంది. "అబ్బ, ఎక్కడ పట్టావురా దీన్ని? మూతేది?"

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. అక్క అప్పటికే పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

డ్రైవింగ్ టీచరు నా వైపు చూసింది. మందుల షాపాయన తన పాచికల్ని రంగుల వారీగా సర్దడం మొదలుపెట్టాడు.

తీసింది. అరిచింది. బావ వచ్చాడు, ఈసారి నడుచుకుంటూ.

మార్చి 2, ఆదివారం

పని ఎక్కువై కొత్తది తేలేకపోయాను. అంతే.

మార్చి 8, శనివారం

పోయినసారి పెట్టె రాణీగారి నగలది. ఈసారి సన్యాసి మందులది. చుట్టూ వేరే గుడ్డ చుట్టాను.

అరిచింది.

మార్చి 12, బుధవారం

మందుల షాపాయన మా షాపుకొచ్చాడు. ఆట నడుపుతానని నన్ను మాస్టారూ అంటాడు.

"మాస్టారూ, ఒక మాట. మనం డాక్టరుగారితో ఆడుతున్నామా, డాక్టరుగారి చుట్టూ ఆడుతున్నామా?"

"సంతోషంగా ఉంది కదండీ."

"ఉంది. కాదనను. కానీ మీరు సంచిలోంచి పెట్టె తీసినప్పుడల్లా నాకు ఎక్కడ చూడాలో తెలియడం లేదు."

డ్రైవింగ్ టీచరుకి ఫోన్ చేశాను. ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. "రోజూ అదే సందులో అదే మలుపు తిప్పిస్తాను నేను. నేర్చుకునేవాళ్ళు రోజూ కొత్తగానే భయపడతారు, రోజూ కొత్తగానే సంతోషిస్తారు. అది మోసమంటామా?"

ఆవిడ చెప్పిందే బాగుంది. ఆవిడ చెప్పిందే నమ్ముతాను.

మార్చి 15, శనివారం

ఇవ్వాళ ఇంకా తొందరగా తీసింది. అసలు తడుముకోలేదు. పక్కపలక, అడుగుపలక, వంచడం, టక్.

అక్క మెరుగవుతోంది. మందులు పనిచేస్తున్నట్టున్నాయి. బావతో చెప్పాను. "మొదట్లో ఒక పూటంతా పట్టింది బావా, ఇప్పుడు చూడు" అన్నాను. బావ నా భుజం పట్టుకుని వదల్లేదు. అక్కని చూసే డాక్టరుతో చెబుతానన్నాడు.

పజిల్స్ కోసం షాపుల వెంట తిరగడం మానేశాను. ప్రాణం హాయిగా ఉంది.

మార్చి 19, బుధవారం

డాక్టరు ఏమన్నాడో బావ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మార్చి 22, శనివారం

అయిపోయింది.

డ్రైవింగ్ టీచరు తన దగ్గరికొచ్చే ఒకాయన కథ చెబుతోంది. బ్రేకు వెయ్యమంటే కళ్ళు మూసుకుంటాడట. అక్క పగలబడి నవ్వుతూ, "నా దగ్గరికొచ్చేవాళ్ళు నోరు మూసుకునేవాళ్ళు, అది ఇంకా కష్టం" అంటోంది. అంటూనే బల్ల మీది పెట్టె తీసుకుంది. దాని వైపు చూడలేదు. టీచరునే చూస్తూ, నవ్వుతూ, వేళ్ళు వాటి పాటికి అవి జరిపాయి, నెట్టాయి, వంచాయి. టక్. మూత జారింది.

అక్క నవ్వు ఆగిపోయింది. పెట్టెని చూసింది. తన చేతుల్ని చూసుకుంది.

"ఇది నేనెప్పుడు నేర్చుకున్నాను?"

నేను బల్ల మీది పాచికలు ఏరడం మొదలుపెట్టాను.

"నిన్నేరా అడుగుతున్నది. నాకిది తెలీదు. చేతులకి తెలుసు. కొత్త డాక్టర్లకి నేనే చెప్పేదాన్ని, పీకగా పీకగా చెయ్యి తనంతట తనే కదులుతుందని. ఎన్నిసార్లు పీకించావు నా చేత?"

"నాలుగైదు సార్లు అక్కా."

"ప్రతిసారీ సంబరపడ్డానా?"

తల ఊపాను.

మిగతా ఇద్దరి వైపు తిరిగింది. "మీరంతా చూస్తూ కూర్చున్నారు." తిట్టు కాదు, ఊరికే అంది. డ్రైవింగ్ టీచరు ఏడ్చేసింది. మందుల షాపాయన లేచి నిలబడ్డాడు, కానీ ఎటు వెళ్ళాలో తెలియనట్టు అక్కడే ఉండిపోయాడు.

"నోట్లో చెయ్యి పెట్టనిచ్చిన ఏ మనిషికీ నేను అబద్ధం చెప్పలేదు. ఏది పోతుందో చెప్పే పీకాను. నువ్వు నా తమ్ముడివిరా."

"తప్పయిపోయింది అక్కా."

"మళ్ళీ నన్నిలా మోసం చెయ్యనని చెప్పు."

"చెయ్యను."

"గట్టిగా చెప్పు. రేపో ఎల్లుండో నేను మరిచిపోతాను. నువ్వు మరిచిపోవు. అందుకే నీ చేత చెప్పిస్తున్నాను."

గట్టిగా చెప్పాను. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. బావ ఆ తలుపు ముందు నిలబడి నన్ను చూసిన చూపు గురించి రాయను.

మార్చి 23, ఆదివారం

అక్క ఫోన్ ఎత్తలేదు.

మార్చి 29, శనివారం

ఆట లేదు. షాపు తెరిచి కూర్చున్నాను. ఎవరూ రాలేదు.

అక్క మెరుగవుతోందని నేనే అన్నాను. బావ భుజం మీద వేసిన చెయ్యి ఇంకా తెలుస్తోంది.

ఏప్రిల్ 2, బుధవారం

బావ ఫోన్ చేశాడు. "ఎవరి మీదో కోపంగా ఉందిరా. ఎవరి మీదో దానికే తెలియడం లేదు. నీ మీదనా అని అడిగింది నన్నే. ఇల్లంతా తిరుగుతోంది, ఆ కోపాన్ని ఎక్కడ దింపుకోవాలో తెలియక."

నా మీదని చెప్పు బావా, అన్నాను.

"చెప్పాను. వాడేం చేశాడు పాపం, అంది."

ఏప్రిల్ 5, శనివారం

అక్కే ఫోన్ చేసింది. "శనివారం కదరా, ఒక్కళ్ళూ రాలేదేం? నేను తయారై కూర్చుంటే!"

పడుతూ లేస్తూ వెళ్ళాం ముగ్గురం. ఏ కోపమూ లేదు. నా చొక్కా బొత్తం ఊడిందని నాలుగు చీవాట్లు పెట్టింది. నా దగ్గర పజిల్ లేదు. ఉన్నా పెట్టేవాణ్ణి కాదు. ఉత్త పాచికలతో నడిపాను. సిపాయి కొట్టాడు, మంత్రగాడు కాల్చాడు. దొంగకి ఏ పనీ లేదు. అక్క గోడ మీద పళ్ళ బొమ్మల వైపు చూస్తూ కూర్చుంది.

వెళ్ళేటప్పుడు, "వచ్చేవారం నాకో మంచి తాళం పెట్టరా. ఊరికే కూర్చుంటే పేషెంటులా ఉంది" అంది.

ఏప్రిల్ 9, బుధవారం

బావ మళ్ళీ షాపుకొచ్చాడు. ఈసారి కళ్ళజోడు సాకు కూడా లేదు.

"ఆ పెట్టె తీసుకురా."

"మాట ఇచ్చాను బావా."

"ఎవరికి? నువ్విచ్చిన మాట దానికి గుర్తులేదు. తీసుకున్న మనిషే లేనప్పుడు ఎవరికి నిలబెడతావు?"

"మనిషి ఉంది."

"ఉంది. నువ్వు వారానికి ఒక పూట చూస్తావు ఆ మనిషిని. మిగతా వారమంతా నేను చూస్తాను. ఆ పెట్టె తీసిన రాత్రి అది హాయిగా నిద్రపోయేది. ఎందుకో తెలీకపోయినా నవ్వుమొహంతో లేచేది. ఆ ఒక్కటీ నాకివ్వలేవా?"

బావ ఎప్పుడూ నన్ను ఏదీ అడగలేదు. వెళ్ళిపోయాక, అద్దం కోస్తూ కోస్తూ తప్పు కొలత కోసేశాను.

ఏప్రిల్ 12, శనివారం

కొత్తది తీసుకెళ్ళాను. తాడు మెలికలో ఇరికించిన ఇనుప కడియం. తాడుని కడియంలోంచి వెనక్కి లాగి, ముడి మీదుగా దాటిస్తే వచ్చేస్తుంది. తేలికదే. పెట్టె కూడా సంచిలో వేసుకున్నాను. ఊరికే.

అక్క ఎంతసేపు కూర్చుందో. తాడు లాగింది, వదిలింది, మళ్ళీ అక్కడే లాగింది. మొహంలో మొదట పట్టుదల ఉంది, తర్వాత చిరాకు, తర్వాత అదీ లేదు. చివరికి కడియాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, పక్కకి జరిపింది.

"నాకొచ్చే తాళం ఒక్కటి కూడా లేదట్రా నీ దగ్గర?"

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మా అక్క ఎవర్నీ ఏదీ అలా అడగలేదు.

చెప్పేశాను. ఉందక్కా, ఒకటుంది. అది నువ్వు చాలాసార్లు తీశావు. నీకు గుర్తుండదు కాబట్టి నేను కొత్తదని నమ్మించాను. నువ్వు కనిపెట్టి కోప్పడ్డావు. మళ్ళీ మోసం చెయ్యనని నా చేత ఒట్టేయించుకున్నంత పని చేశావు. అన్నీ చెప్పాను, ఏదీ దాచలేదు. మిగతా ఇద్దరూ తలలు వంచుకుని కూర్చున్నారు. బావ గుమ్మంలో నిలబడ్డాడు.

అక్క శ్రద్ధగా వింది, పక్కింటివాళ్ళ సంగతి వింటున్నట్టు.

"బాగా కోప్పడ్డానా?"

"బాగానే."

"ఇటివ్వు, చూద్దాం."

ఇచ్చాను. వేళ్ళు చకచకా తీసేశాయి. మూత జారింది. అక్క లోపలికి చూసింది. మళ్ళీ మూసి, నా ముందు పెట్టింది.

"రావడమైతే వచ్చింది. ఏం లాభం, నాకేమీ అనిపించలేదు." పెట్టె అంచు వెంట వేలు పోనిచ్చింది. "నువ్వు చెప్పకుండా ఉంటే బాగుండేదిరా."

"నువ్వే చెప్పమన్నావు అక్కా."

"అన్నది నేనే. ఇప్పుడు అంటున్నదీ నేనే. వచ్చేవారం నాకు చెప్పకు."

"అక్కా..."

"అప్పుడు నాకు కోపమొచ్చి అని ఉంటాను. ఇప్పుడు కోపం లేదు. ఏమీ రాని మనిషిలా ఇలా కూర్చుని ఉండడం కంటే, వచ్చిందనుకుని అరవడం నయం కదరా? నాకున్నవి ఇంకెన్ని శనివారాలు? వాటిల్లోనైనా నన్ను అరవనీ."

"మళ్ళీ కనిపెడితే?"

"మళ్ళీ తిడతాను. పడు. తమ్ముడివి కదా." నా చెయ్యి పట్టుకుంది. చేతులు చల్లగా ఉన్నాయి. "ఈ మాట కూడా నాకుండదు. నీ దగ్గరుంచు."

ఏప్రిల్ 14, సోమవారం

ఇద్దరు అక్కలయ్యారు నాకు. ఒకామె అబద్ధం వద్దంది. ఒకామె నిజం వద్దంది. ఒకరి సంగతి ఒకరికి తెలీదు. ఇద్దరి మాటా నా దగ్గరే ఉంది.

ఏప్రిల్ 16, బుధవారం

మందుల షాపాయనని అడిగాను, వస్తారా రారా అని. రానంటాడనే అనుకున్నాను.

"నేనూ అక్కడే ఉన్నాను కదా మాస్టారూ. ఆవిడ చెప్పింది నేనూ విన్నాను. వస్తాను" అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు, "ఈసారి ఆవిడనే చూస్తాను" అన్నాడు.

ఏప్రిల్ 18, శుక్రవారం

ఏ అక్క మాట వినాలి? ఆఖరున చెప్పిన ఆమె మాట. అంతకంటే న్యాయం నాకు తోచడం లేదు.

లేకపోతే నాకేది తేలికో అదే న్యాయమనుకుంటున్నానేమో. మార్చిలోనూ ఇలాగే అనుకున్నాను. కానీ మార్చిలో నాకు హాయిగా ఉండేది, ఇప్పుడు లేదు. తేడా అదొక్కటే.

ఏప్రిల్ 19, శనివారం

వీధి గుమ్మంలోనే ఎదురొచ్చింది. జుట్టు నున్నగా దువ్వుకుంది, క్లినిక్ రోజుల్లోలాగా.

"ఏం తెచ్చావు? నేనెప్పుడూ చూడనిదేనా?"

బావ వెనక నిలబడి ఉన్నాడు. ఆయన నన్ను చూడలేదు, నేనూ ఆయన్ని చూడలేదు.

"చూడనిదే అక్కా" అన్నాను.

అందరం కూర్చున్నాం. కథ చెప్పాను. పాతాళంలో మెట్లు, మెట్ల చివర రాతి గది, గదిలో ఒకే ఒక్క పెట్టె, దానికి మూత లేదు, తాళం లేదు. పెట్టెని బల్ల మీద పెట్టాను. ఏ గుడ్డా చుట్టలేదు. అక్క అందుకుని చెవి దగ్గర పెట్టుకుంది, కళ్ళు మూసుకుంది. టీచరు నా మోచెయ్యి పట్టుకుంది. మందుల షాపాయన అన్న మాట ప్రకారం అక్కనే చూశాడు.

టక్కుమంది.

అరిచింది. గోడలు అదిరేలా అరిచింది. మేం చప్పట్లు కొట్టాం. బావ గుమ్మంలోంచి కొట్టాడు.

"చూశారా? నా చేతుల్లో పని ఇంకా ఉందిరా!"

"ఉందక్కా."

పొద్దున్నుంచీ అన్నవాటిల్లో అదొక్కటే నిజం. అది అనేసరికి ఏడుపు ఆగలేదు. పాచిక కింద పడిందని చెప్పి బల్ల కిందికి దూరాను. అక్కడ అందరి కాళ్ళూ కనిపిస్తున్నాయి. అక్క కాళ్ళు సంతోషం పట్టలేక నేల మీద తాళం వేస్తున్నాయి.

"ఎంతసేపురా వెతుకుతావు? ఒక్క పాచిక పోతే పోయింది. లేచి చెప్పు, పెట్టెలో ఏముంది?"

మొహం తుడుచుకుని లేచాను. పెట్టెలో ఏముందో చెప్పడం మొదలుపెట్టాను.